బండమీది మేక

పోయిన నెల మా తమ్ముడి కొడుకు తోటలో ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. వాళ్ళకు అయిదు పాడావులు, అయిదు దూడలు. పొద్దున పాలు పితకడం అయ్యాక వాడి భార్య దూడలకు పాలు పడుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. అడ్డంగా కట్టిన ఇనుప కమ్మీకి అయిదు బకెట్లు వరసగా తగిలించింది. ఒక్కో బకెట్టు అడుగు పక్కన రబ్బరు చన్ను. దూడలు వచ్చి దేని చోట అది నిలబడి, మెడలెత్తి, తోకలాడిస్తూ తాగాయి. గడియారం చూశాను. అయిదు దూడలకూ కలిపి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో ఆ పిల్ల పేడ కూడా ఎత్తేసింది.

"కమ్మీ ఇంకా కిందికి కట్టుకుంటే నీకు బకెట్లు ఎత్తే బాధ తప్పుతుంది కదమ్మా," అన్నాను, ఏమంటుందో విందామని.

"లేదత్తా, దూడ మెడ ఎత్తే తాగల్ల. వంచి గబగబా తాగితే పాలు పోవాల్సిన దారిలో పోవంట," అంది.

ఎక్కడో ఒక పూట శిక్షణకు పోయి ఆ సంగతి నేర్చుకుని వచ్చిందట. నేను కూడా నేర్చుకున్నాను. నాకు ఏడు రోజులు పట్టింది. నేర్చుకున్న తీరు గొప్పగా చెప్పుకునేది కాదు.

అప్పటికి నాకు పదేళ్ళు నిండి నాలుగో నెల నడుస్తోంది. మా ఊరు కుందుర్పికి ఆరు మైళ్ళు. ఎర్రనేల, గుండ్రాళ్ళు, మధ్యమధ్య తుమ్మచెట్లు. ఆ ఏడు మృగశిరలో రెండు పదునులు కురిసిన వాన మళ్ళీ మొహం చూపలేదు. వేరుశెనగ, అంటే మా చెనిక్కాయ, పూత పూసింది గానీ ఊడలు నేలలోకి దిగలేదు. జొన్న మోకాలెత్తున ఆగిపోయి ఆకులు చుట్టుకుపోయింది. అట్లా ఎండకు కుమిలిన జొన్న పశువుకు విషం. ఈ సంగతి మా వైపు మాటలు నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. పశువులకు మాత్రం తెలియదు.

వినాయక చవితి అయిన అయిదో రోజున మా తెల్లావు పలుపు తెంపుకుని ఆ జొన్నచేలో పడింది. నాయన విరుగుడుకు బెల్లం నీళ్ళ కుండ పట్టుకుని పరిగెత్తేసరికి పడిపోయి కాళ్ళు కొట్టుకుంటోంది. కుండ కింద పెట్టే లోపలే అయిపోయింది. దాని దూడకు అప్పటికి పన్నెండు రోజులు. పెయ్య. నుదుటి మీద అరచేతంత గోధుమరంగు మచ్చ.

నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్ళం. జేజి ఆ పొద్దు అన్నం తినలేదు. సాయంత్రం కొట్టంలో ఆ పెయ్యదూడ పక్కన కూర్చుని, "అయిదు తరాలు నా చేతుల మీద పుట్టినాయి. వట్టి సొప్ప మేసి కూడా చెంబెడు పాలిచ్చిన సంతు ఇది. ఇంక ఇదొక్కటే మిగిలింది. ఇది పోతే ఆడికి సరి," అంది. ఎవరితోనో కాదు. నా వైపు చూసే అంది. ఎందుకంటే ఆ దూడకు పాలు పట్టాల్సింది నేను.

అమ్మ, నాయన తెల్లవారగానే కరువు పనికి పోయేవాళ్ళు. రోడ్డుకు కంకర కొట్టే పని. జేజి వేళ్ళు కీళ్ళ దగ్గర ముడుచుకుపోయి ఉండేవి. రొట్టె తట్టగలిగేది గానీ చెంబు పట్టుకుని వంగి నిలబడలేకపోయేది. తమ్ముడు ఇంకా పుట్టలేదు. ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

పాలకు మాత్రం ఆ దేవుడే ఒక దారి చూపించాడు. ఊరి చివర గుడిసెలో మేకలు కాసుకునే ముసలాయన ఉండేవాడు. మేకల తాత అనేవాళ్ళం. ఆయన మేకల్లో పెద్దదాని పిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. పిల్ల లేని మేక పొదుగు నిండి అరుస్తుంటే, ఆ పాలు పొద్దున ఒక చెంబు, సాయంత్రం అర చెంబు మా ఇంటికి తెచ్చేవాడు. ఊరికే ఎందుకు తేవడమని అమ్మ మొహమాటపడితే, "మేకకు బిడ్డ ల్యాదు, దూడకు తల్లి ల్యాదు. నడమ నేను చెంబు మోసేవాన్ని. నాకేం నష్టం?" అనేవాడు.

ఇక పని సంగతి. ఇంకో రెండు ఆవులు, వాటికి రెండు దూడలు ఉండేవి. ఆ కరువులో అవి ఇచ్చే కాసిని పాలు ఇంటికే చాలేవి కావు. నాటు ఆవులు దూడ వచ్చి పొదుగు కుమ్మితే గానీ పాలు చేపవు. నేను దూడను విప్పాలి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, తల్లి చేపగానే లాక్కొచ్చి గుంజకు కట్టాలి. అప్పుడు అమ్మ పితికేది. పితికి అమ్మ కంకర పనికి పోయాక, ఆ రెండు దూడలకూ ఉలవలు ఉడికించిన కట్టులో రాగి గంజి కలిపి తొట్టిలో పోయాలి. అవి ఒకదాన్నొకటి కుమ్ముకుని సగం నేలపాలు చేసేవి. ఆఖరున పెయ్యదూడ.

పెయ్యదూడకు వేలితో పట్టాలి. ఒక కాలు రాయి మీద పెట్టి, మోకాలి మీద చెంబు నిలుపుకుని, రెండు వేళ్ళు పాలలో ముంచి దాని నోట్లో పెడితే గరుకు నాలుకతో వేళ్ళనే చన్ననుకుని చీకేది. చీకుతుండగానే చేతిని మెల్లగా పాలలోకి దించాలి. ముక్కు మునగకూడదు. రెండు గుక్కలు తాగి తల విదిలిస్తుంది. మళ్ళీ మొదటికి.

"చెంబు కింద పెట్టొద్దు పాపా," అని జేజి పొయ్యి దగ్గర నుంచే అరిచేది. "మెడ ఎత్తే తాగల్ల. తల్లి పొదుగు పైన ఉంటాది గానీ నేల మీద ఉంటాదా?"

మాకు గడియారం లేదు. నేను కాలాన్ని ఎక్కాలతో కొలిచేదాన్ని. రెండో ఎక్కం మొదలుపెట్టి పదహారో ఎక్కం ఆఖరుకు వచ్చేసరికి చెంబు ఖాళీ అయ్యేది. ఆపైన మైలున్నర నడిస్తే బడి. బడిలో మొదటి గంట లెక్కలు. నాకు ఆ గంట ఒక్కటే కావాలి, మిగతా గంటలు ఉన్నా లేకున్నా ఒకటే. చెంబు ఖాళీ చేసి పరిగెత్తి పోయేసరికి పంతులు నల్లబల్ల మీద లెక్క చేసి తుడిచేస్తుండేవాడు.

అందుకని పని తగ్గించుకునే ఉపాయాలు ఆలోచించాను. మొదటిది, తొట్టి మధ్యలో పలకరాయి నిలబెట్టాను. రెండు దూడల పలుపులూ జానెడు చొప్పున కురచ చేసి, ఒకదాని మూతి రెండోదాని గంజికి అందకుండా కట్టాను. గంజి నేలపాలు కావడం ఆగింది. నేను కావలి నిలబడే పనీ తప్పింది. రెండోది, ఉలవలు ముందటి సాయంత్రమే నానేసి, నీళ్ళ పొయ్యి నిప్పుల మీద పెట్టేదాన్ని. పొద్దునకు మెత్తగా ఉడికి ఉండేవి. ఆ ఉడికిన ఉలవల వాసన ఇప్పటికీ నాకు ఆకలి పుట్టిస్తుంది. దూడలకు మూడు పిడికిళ్ళు తీస్తే ఒక పిడికిలి ఉప్పు చల్లుకుని నేను తినేదాన్ని.

"దూడల కంటే ముందు నీకే కొమ్ములొస్తాయి సూడు," అనేది జేజి. కానీ పలకరాయి చూసి మురిసిపోయింది. నాయన రాగానే, "నీకు ఇన్నేండ్లొచ్చినా ఈ రాయి పెట్టే బుద్ధి పుట్టిందా అబ్బీ?" అని ఎత్తిపొడిచింది.

"నాకు రాళ్ళు కొట్టే బుద్ధే ఇచ్చినాడు దేవుడు. పెట్టే బుద్ధి పాపకిచ్చినాడు," అని నాయన అరచేతుల బొబ్బలు చూపించి నవ్వాడు.

ఆ మెచ్చుకోలు నా తలకెక్కింది. ఇక మిగిలింది పెయ్యదూడ పని ఒక్కటే అనుకున్నాను.

కొట్టం చూరులో ఒక వెదురు గొట్టం దోపి ఉండేది. ఒక కొస కణుపుతో మూసి, రెండో కొస ఏటవాలుగా కోసి, నూనెకు నల్లబడి నునుపు తేలి ఉండేది. ఎద్దులకు జబ్బు చేస్తే అందులో కషాయం నింపి, మెడ ఎత్తి పట్టి, నోటి పక్క నుంచి పోసేవాళ్ళు. నేను ఆలోచించాను. మెడ ఎత్తి తాగాలంటుంది జేజి. గొట్టంతో పోస్తే మెడ ఎత్తే ఉంటుంది. వేలు పెట్టే పని లేదు. చెంబెడు పాలూ నాలుగు గొట్టాలు. ఎక్కడా తప్పు కనబడలేదు.

ఒక పొద్దు జేజి రొట్టె తడుతుండగా గొట్టం తీశాను. దూడను మూలకు నెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి మెడ ఎత్తి, నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పోశాను. గుటకలు వేసింది. నాలుగు గొట్టాలూ అయ్యేసరికి నా ఎక్కం నాలుగోది కూడా దాటలేదు.

"తాగిందా?" అని పొయ్యి దగ్గర నుంచి జేజి.

"తాగింది జేజీ."

"అప్పుడే?"

"ఆకలి మీద ఉండాది."

ఆ రోజు నల్లబల్ల మీద తారీఖు రాయకముందే బడిలో ఉన్నాను. మూడు రోజులు ఇట్లాగే సాగింది. మూడు రోజులూ దూడకు ఏమీ కాలేదు. నన్ను చెరిపింది ఆ మూడు రోజులే. సాయంత్రం అర చెంబు మాత్రం జేజి పక్కనే కూర్చునేది కనుక వేలితోనే పట్టేదాన్ని.

నాలుగో రోజు లెక్కల పరీక్ష. గొట్టం నిండా పాలు పోసుకుని, మెడ ఎత్తి, ఒక్కసారిగా వంచేశాను. దూడ తల విదిలించింది. నేను గట్టిగా పట్టుకున్నాను. రెండో గొట్టం కూడా అట్లాగే పోశాను. దానికి ఊపిరి అందక గుడ్లు తేలేసింది. ముక్కు రెండు రంధ్రాల్లోంచి పాలు నురగలుగా వచ్చాయి. వదిలేశాను. మోకాళ్ళ మీద పడి దగ్గింది. కాసేపు దగ్గి లేచి నిలబడింది. లేచింది కదా అనుకున్నాను. మిగిలిన పాలు ఉలవల కుండలో పోసి, గొట్టం కడగకుండానే చూరులో దోపి, రొట్టె చేత పట్టుకుని పరిగెత్తాను. పరీక్షలో ఒక్క లెక్క కూడా తప్పు పోలేదు.

సాయంత్రం వచ్చేసరికి దూడ చెవులు వాలేసి పడుకుని ఉంది. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఎండు సొప్ప నలిపినట్లు లోపల చప్పుడు. మేకల తాత తెచ్చిన అర చెంబు వాసన కూడా చూడలేదు.

నాయన దూడ ఒళ్ళు తడిమి చూశాడు. కాలిపోతోంది. పక్కింటి వాళ్ళొచ్చారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. ఆఖరున ఒక పెద్దాయన, "ఆవుదూడకు మేకపాలు యాడ సరిపోతాయప్పా? మేకపాలు సలువ. రొమ్ములో సలువ చేరింది," అన్నాడు. అందరికీ ఆ మాట సబబుగా తోచింది. నాకు కూడా. ఆ మాట వినగానే నా గుండెల మీది బరువు దిగిపోయింది. ఆ దిగిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది, చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు.

మర్నాడు పొద్దున మేకల తాత చెంబుతో వచ్చాడు. నాయన వాకిట్లోనే నిలబెట్టాడు.

"మామా, ఇంక పాలు తేవొద్దులే. దూడకు పడలేదు. సలువ చేసింది."

తాత కొట్టం వైపు ఒకసారి చూశాడు. "నా మేకపాలా?" అన్నాడు.

"నీది తప్పనడంల్యా. దానికి పడలేదు, అంతే."

"సరే అల్లుడా," అని చెంబు తీసుకుని వెనక్కి తిరిగాడు. తలుపు చాటున ఉన్నాను నేను. పాలు తొణక్కుండా చెంబు మూతి మీద అరచెయ్యి పెట్టుకుని పోతున్న ఆయన వీపు కనిపించింది. నోరు తెరిస్తే ఆగేవాడు. తెరవలేదు.

ఆ రోజు, ఆ మర్నాడు జేజి దూడను వదలలేదు. గోనెసంచి కప్పి, వావిలాకు పొగ వేసింది. ముడుచుకుపోయిన వేళ్ళతోనే గంజినీళ్ళు దాని పెదాలకు రాసింది. నాకుతుందేమోనని చూసేది. అది నాకేది కాదు. ఆ రెండు రోజులూ నేను బడికి పోయాను. వేళకే పోయాను. లెక్కల గంటలో పంతులు నా పలక ఎత్తి అందరికీ చూపించాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున నాయన కంకర పనికి పోలేదు, అమ్మనూ పోనివ్వలేదు. శొంఠి, మిరియాలు, తులసాకు వేసి కషాయం కాచమన్నాడు. అది చల్లారాక కొట్టంలోకి వచ్చి, దూడ మెడ ఒళ్ళోకి తీసుకుని, చూరు వైపు చెయ్యి చాపాడు. గొట్టం కోసం.

"వద్దు నాయనా!" అని అరిచాను.

"ఏంటికే?"

"వద్దు. గొట్టం వద్దు. సచ్చిపోతాది."

"మందు పడకపోతే సచ్చిపోతాది," అని నాయన గొట్టం లాగాడు. లాగిన చెయ్యి విదిలించాడు. గొట్టం నోటి చుట్టూ, లోపలికి, బయటికి ఎర్రచీమలు. జేజి దగ్గరికి వచ్చి గొట్టం చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన పాల వాసన నాకు నిలబడ్డ చోటికే వచ్చింది.

"ఈ గొట్టంతో మనం పోసింది చేదుమందులే గదా," అంది జేజి నిదానంగా. "చేదుకు చీమలు పట్టవు."

ఎవరూ నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధమాడేదాన్నేమో. నేనే మొదలుపెట్టి చెప్పాను. ఎన్ని రోజులు పోశానో, ఎన్ని గొట్టాలు పోశానో, ఆఖరి రోజు ముక్కులోంచి వచ్చిన నురగ, కింద పడి దగ్గడం. ఉలవల కుండలో పోసిన పాల సంగతి కూడా వదల్లేదు.

నాయన చెయ్యి లేస్తుందని కళ్ళు మూసుకున్నాను. లేవలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన పేడనేల మీద కూలబడి ఉన్నాడు.

"ముసలాయన మొగం మీద చెప్పినాను గదే," అన్నాడు. "పాలు తెచ్చి ఊరికే పోస్తాంటే, నీ పాలతోనే పాడైందని మొగం మీద చెప్పినాను."

జేజి నా భుజం మీద చెయ్యి వేసింది. "పనిని కురచ చెయ్యల్లనుకున్నావు. అది తప్పు గాదు పాపా. రాయి పెట్టినావు, ఉలవలు నానేసినావు, అదంతా నీ పని కురచ చేసుకున్నావు. కానీ గుటక దానిది. దాని గుటకను నువ్వు కురచ చేస్తే ఎట్ల?" అంది. తిట్టింది అంతే. నన్ను ఒళ్ళోకి లాక్కుని తన కొంగుతో నా ముక్కు తుడిచింది.

నాయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని ఊరి చివరికి పోయాడు. అక్కడ ఏం మాట్లాడాడో నాకు తెలియదు. వెనక్కి వచ్చేటప్పుడు మేకల తాత చేతిలో చెంబు లేదు. తాడు ఉంది. తాడు చివర పెద్ద నల్లమేక, పొదుగు నిండుగా ఊగుతూ వచ్చింది.

"చెంబేది మామా?" అంది అమ్మ.

"చెంబెందుకు, పొదుగే తెచ్చినా," అన్నాడు తాత. పెరట్లో బట్టలుతికే బండ చూశాడు. తొడ ఎత్తుంటుంది. నడుముకు కట్టుకున్న గుడ్డ మూటలోంచి నాలుగు తుమ్మకాయలు తీసి బండ మీద పోశాడు. తుమ్మకాయలంటే మేకలకు ప్రాణం. ఒక్క గెంతులో బండెక్కి నిలబడి నమలసాగింది. నాయన దూడను ఎత్తుకొచ్చి బండ పక్కన నిలబెట్టి, కూలిపోకుండా కడుపు కింద రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాడు. మేక పొదుగు సరిగ్గా దూడ తల కంటే జానెడు పైన ఉంది.

తాత చన్ను పట్టి ఒక్క చుక్క దూడ మూతి మీద పిండాడు. అది కదల్లేదు. ఇంకో చుక్క. నాలుక కొస బయటికి వచ్చి లోపలికి పోయింది. ఈలోగా గోడ అవతల నుంచి పక్కింటి పెద్దాయన, అదే సలువ అన్నాయన, తల పెట్టి చూశాడు.

"ఏమప్పా, ఆవుదూడకు మేక తల్లా? రేపు అంబా అనకుండా మే అంటాదేమో సూడండి!"

"అంటే అననీలే అన్నా," అన్నాడు తాత తల తిప్పకుండానే. "బతికుంటే గదా ఏదో ఒకటి అనేది."

అయిదో చుక్కకో ఆరో చుక్కకో దూడ మెడ దానంతటదే పైకి లేచింది. చన్ను నోట్లోకి తీసుకుంది. చీకింది, ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ చీకింది. లెక్కపెట్టాను. ఏడు గుటకలు. ముక్కులోంచి చుక్క కూడా రాలేదు. ఏడు గుటకలకే అలిసి నాయన చేతుల మీద వాలిపోయింది. జేజి అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

సాయంత్రం పదకొండు. మర్నాడు పొద్దున పందొమ్మిది. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేకపోయాను. నాలుగో రోజున తల పైకి పొడిచి పొదుగును ఒక్క కుమ్ము కుమ్మితే మేక బండ మీద తూలింది. అందరం పకపకా నవ్వాం. ఎనిమిది రోజులకు ఒళ్ళు చల్లబడింది. రొమ్ములో చప్పుడు మాత్రం స్వాతి కార్తె వానల దాకా పోలేదు.

చూస్తే, నేను వెతికిన ఉపాయం అదే. కాచడం లేదు, కొలవడం లేదు, వేలు లేదు, చెంబు లేదు. రోజూ పొద్దున మేకలు మేతకు పోయే దారిలో నల్లమేక ఒక్కటీ మంద వదిలి మా పెరట్లోకి వచ్చి, బండెక్కి, తుమ్మకాయల కోసం అరిచేది. నేను గుప్పెడు కాయలు వేసి దూడను విప్పితే చాలు. రెండో ఎక్కం, మూడో ఎక్కం, అయిపోయేది. లెక్కల గంటకు మళ్ళీ ఏ రోజూ ఆలస్యం కాలేదు. వానలు పడి పచ్చిక లేచాక దూడ పెరిగి, దాని తల మేక పొదుగును దాటి పైకి పోయింది. బండ మీది మేక కింద తాగడానికి తల పట్టక, ముందుకాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి కూర్చుని, మెడ ఎత్తి తాగేది. జేజి అది చూసి, "గుళ్ళో మొక్కినట్ల ఉండాది," అనేది.

ఆ పెయ్య మూడేళ్ళ రెండు నెలలకు తొలిచూలు ఈనింది. మళ్ళీ పెయ్యే. జేజికి అప్పటికి చూపు సగం పోయింది. తడిమి చూసి, "ఆరో తరం," అంది. మొదటి పాలతో జున్ను వండింది. బెల్లం, మిరియాలు, యాలకులు. కొట్టం దాకా ఘుమఘుమలాడింది. మా ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక గిన్నెలో ముక్కలు పెట్టి మూత వేసి, "మొదట ఆ ముసలాయనకు ఇచ్చి రాపో," అని నన్ను పంపింది.

మేకల తాత గుడిసె ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మందలో సగం అమ్మేసుకున్నాడు. నల్లమేక ముసలిదై, పళ్ళూడి, మంచం కోడుకు కట్టేసి ఉంది. గిన్నె చేతికిచ్చాను. మూత తీసి, వాసన చూసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండో ముక్క మేక ముందు పెట్టాడు. అది వాసన చూసి మూతి తిప్పుకుంది.

మూడేళ్ళుగా మనసులో మోస్తున్న మాట అప్పుడు చెప్పాను. నాయనతో చెప్పాను, జేజితో చెప్పాను గానీ ఆయనతో ఎన్నడూ చెప్పలేదు.

"తాతా, ఆ పొద్దు నీ పాల మీద నింద పడితే నేను తలుపు చాటునే ఉండినా. చెప్పలేదు."

"నాకు ఆ పొద్దే తెల్సు పాపా," అన్నాడు. "పాలు పడకపోతే కడుపు పారుకుంటాది గానీ, రొమ్ములో గురగుర ఏంటికొస్తాది? ఎవరో దిగపోసినారనుకున్నా. నువ్వేననుకున్నా."

"మరి నాయనకు ఏంటికి చెప్పలేదు?"

"నేను చెప్తే నువ్వు దెబ్బలు తిని ఆ దూడ మొగమే సూడకపోదువు. దానికి నీ చెయ్యే అలవాటు. నువ్వే చెప్తావులే అని ఉండినా. రెండు పొద్దులు ఆలిస్యం చేసినావు, అంతే గదా."

లెక్క సరిగ్గానే చెప్పాడు. కానీ నాకు ఇంకొక లెక్క తేలలేదు. పిల్ల లేని మేకను రెండు రోజులు పితకకుండా వదిలితే పొదుగు గట్టిపడి, పాలు వెనక్కి పోయి వట్టిపోతుంది. ఆ కరువులో వట్టిపోవడమే మేకకు మేలు, మేత కలిసొస్తుంది. మరి నాయన పోయి పిలిచిన పొద్దున దాని పొదుగు నిండుగా ఎట్లా ఉంది? అదే అడిగాను.

ఆయన ఇంకో జున్ను ముక్క తీసుకుని, నమిలి, మింగి, మూతి తుడుచుకున్నాడు.

"వట్టిపోనియ్యకుండా పిండుకుంటా ఉండినా. మళ్ళా అడక్కుండా ఉంటారా అని."

ఖాళీ గిన్నె తీసుకుని ఇంటికి వస్తూ దారిలో లెక్క వేశాను. పాలు వద్దన్న రోజు సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు పూటలు. నేను నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్న ఆ మూడు పూటలూ, ఊరి చివర ఆ గుడిసె ముందు ఆయన మేక పక్కన చెంబు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.